నిజం కానక్కర్లేదు

సెప్టెంబరులోనే చెప్పేస్తాను పిల్లలకి:
స్పానిష్‌లో మీరు చెప్పేది నిజం కానక్కర్లేదు.
చెల్లెలు లేకపోయినా
చెల్లెలన్న మాట నోటికొస్తే ఒక చెల్లెల్ని పుట్టించేయండి.
కుక్క రంగు గుర్తురాకపోతే నల్లకుక్కని పెంచుకోండి.
పరీక్షాధికారి మీ ఇంటికొచ్చి తలుపు తట్టడు.
క్రియ కర్తతో కుదిరిందా లేదా,
అంతవరకే అతని బెంగ.

గ్రిమ్స్‌బీలో ఇంతకన్నా మంచి బేరం
ఎవరూ ఇవ్వరు పదిహేనేళ్ళవాళ్ళకి.
ఎగబడి కొనుక్కుంటారు,
సముద్రం వైపు వసారా ఉన్న ఇళ్ళు,
పైలట్ మామయ్యలు, మాలగాలో వేసవి సెలవులు.
రాత్రి షిఫ్టు చేసొచ్చి పగలు పడుకునే అమ్మలు
నా తరగతిలో డాక్టర్లు.
చేపల్ని డబ్బాల్లో సర్దే మనిషిని ఏమంటారో
మా పాఠ్యపుస్తకంలో లేదు మరి.

మే నెల. పాత అట్లాసులు పెట్టే గది.
రికార్డరు మీద ఎర్రచుక్క.
కిటికీ అవతల ఎవరో పారేసిన చిప్స్ పొట్లం మీద
సీగల్స్ కొట్లాట.
ఎలిస్ బ్రాకిల్స్‌బీ, అభ్యర్థి సంఖ్య నలభై ఒకటి,
ఇంగ్లీషులో భుజాలెగరేయడం తప్ప
ఏ ప్రశ్నకీ జవాబివ్వనివాడు,
టై ముడి సవరించుకుని మొదలెట్టాడు:

ఆదివారాలు మా నాన్న వండుతాడు.
ఉల్లిపాయలు కోస్తాడు. ఏడుస్తాడు. మేం నవ్వుతాం.
రేడియో చాలా గట్టిగా పెడతాడు.
నేను పళ్ళాలు పెడతాను. నాలుగు పళ్ళాలు.

ఫిబ్రవరిలో సంతాపం కార్డు
స్టాఫ్‌రూమ్‌లో చేతులు మారుతూ నా దాకా వచ్చేసరికి
చోటు లేదు,
అంచు వెంబడి అడ్డంగా సంతకం చేశాను.

నా ముందున్న కాగితానికి అవేం పట్టవు.
మూడు కాలాలూ వినిపిస్తేనే పై వరస మార్కులు.
పిల్లవాణ్ణి భూతకాలంలోకి దింపడం నా పని,
దానికి ప్రశ్న కూడా అచ్చువేసి ఇచ్చారు.
"పోయిన ఆదివారం?" అన్నాను. "ఏం వండాడు?"

పదకొండు సెకన్లు
రికార్డరు సీగల్స్‌ని రాసుకుంది.

వాడికి రాక కాదు.
మంగళవారం బోర్డు మీద తప్పులేకుండా రాశాడు.
"వండాడు" వచ్చు. "వండేవాడు" కూడా వచ్చు.
ఆ రెంటికీ తేడా చెప్పింది నేనే,
ఒకసారి జరిగి ముగిసినదానికి ఒక చుక్క,
జరుగుతూ జరుగుతూ ఎక్కడో ఆగినదానికి అలలాంటి గీత,
నీలం మార్కరుతో గీసి మరీ.

"పోయిన ఆదివారం కూడా," అన్నాడు ఎలిస్,
నా వైపు కాదు, యంత్రం వైపు చూసి,
"వండుతాడు."

ఇంకొక్కసారి అడగొచ్చని నియమం ఉంది.
అడగలేదు.
భూతకాలం: వినిపించలేదు, అని గడి నింపాను.
ఏ ఊళ్ళోనో ఎవరో చెవులకి తగిలించుకుని విని
టీచరు ఒక అవకాశం జారవిడిచిందని రాస్తారు.
రాయనీ.
వాడు లేచి, కుర్చీ చప్పుడు కాకుండా
లోపలికి తోసి వెళ్ళాడు.
ఎప్పుడూ అలా చెయ్యడు.

నలభై రెండు, టామ్సిన్ లెగట్.
ఇంటి వెనక ఈతకొలను,
పదకొండుమంది అన్నదమ్ములు, అందరివీ నీలికళ్ళు,
పోయినేడాది అందరూ కలిసి పర్వతం ఎక్కారు,
వచ్చే ఏడాది ఇంకొకటి ఎక్కబోతున్నారు.
విశేషణాలన్నీ బహువచనంలో చక్కగా కూర్చున్నాయి.

పదకొండుమందికీ మార్కులు వేశాను.