కాదు అని పెట్టిన టిక్కు

ఎ షిఫ్టు దిగేసరికి
జనుము ధూళి ఇంకా కనురెప్పల మీదే ఉంది.
నెల్లిమర్ల మిల్లుగేటు పక్కన, యూనియన్ ఆఫీసులో
పచ్చగుడ్డ పరిచిన నాలుగు మంచాలు.
చేతికి ఒక కాగితం, దారం కట్టిన పెన్ను.

పేరు: లెంక సన్యాసప్పడు.
వయసు ముప్పైనాలుగు. బరువు యాభైరెండు.
అక్కడిదాకా చేతిరాత కుదురుగానే ఉంది.
కామెర్లు? లేవు.
పచ్చబొట్టు? మోచేతి మీద తేలుంది గానీ
అది నా పదేళ్ళ వయసుది, ఏడాదిలోపుది కాదు.
మందు? మొన్న తాగాను, నిన్న లేదు.
మూడు నెలల్లో మలేరియా?

పెన్ను అక్కడ ఆగింది.

మిల్లు మూసిన వేసవిలో
గుమ్మలక్ష్మీపురం కొండకి జీడితోటల కూలికి పోయాను.
మూడు దుప్పట్ల కింద పళ్ళు టకటకలాడిన రాత్రులు.
ఆశా అమ్మాయి ఇచ్చిన మాత్రలు పద్నాలుగు రోజులవి.
ఐదో రోజుకే జ్వరం పోయింది,
మిగిలినవి దూలం సందులో పెట్టాను.
వేళ్ళ మీద లెక్కేసుకుంటే
ఏడు వారాలు.

వెనకాల లైను.
"ఏటిరా సన్యాసీ, సూదికే జడుపా?"
మజ్జి సూపర్‌వైజరు అంటే అందరూ నవ్వారు.
బల్ల మీద తళతళా స్టీలు టిఫిన్ బాక్సులు,
ఇచ్చినోళ్ళకి ఒక్కోటి, పైన సగం రోజు సెలవు.
'కాదు' గడిలో టిక్కు పెట్టాను.
గడి చిన్నది, తోక బయటికొచ్చింది.

దమయంతి సిస్టరు తెర వెనక్కి పిలిచి
మెల్లగా మళ్ళీ అడిగింది:
"జ్వరాలేమైనా వచ్చేయా? ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటాది."
తల అడ్డంగా ఊపాను.

రబ్బరు బంతి పిసుకుతూ పడుకుంటే
నా పక్కనే చిన్న ఊయల మీద
సంచీ ఊగుతూ ఊగుతూ నిండింది.
వెళ్ళేటప్పుడు ఆవిడొక చీటీ ఇచ్చింది,
"ఏదైనా గుర్తొస్తే నంబరుంది,
వాడొద్దంటే వాడం. ఎందుకని అడగం."

రాత్రి పైడమ్మ బాక్సు తోమి
దీపం దగ్గర పట్టుకుని మొహం చూసుకుంది.
నాకు నిద్ర పట్టలేదు.
"పరీక్షలు చేస్తారులేరా" అన్నాడు సూరప్పడు.
చేస్తారు.
సూదికొనకి దొరకనంత చిన్నది నాలో ఉంటే?
దానికి నా నోరొక్కటే పరీక్ష.

ఘోషాసుపత్రిలో ఏ బాలింతో
కళ్ళు తేలేసి పడుంటుంది.
ఆమెకి ఎవరూ కాగితం ఇవ్వరు,
ఇది ఎవరిదని ఆమె అడగదు.
నన్నడిగిన ప్రశ్నలన్నీ
ఆమె అడగాల్సినవే.
ఆమె మొహం మీదే తల అడ్డంగా ఊపానా నేను?

పొద్దున్న ఫోన్ చెయ్యడానికి నోరు రాలేదు.
విజయనగరం బస్సెక్కాను,
అన్నం సర్దిన బాక్సు ఒళ్ళో పెట్టుకుని.

సిస్టరు తిట్టలేదు.
పుస్తకంలో వేలు జార్చి, నూటపద్దెనిమిది దగ్గర ఆపి,
లోపలికెళ్ళి వచ్చింది.
"ఉంది. ఇంకా పోలేదు."
నా ఊపిరి ఎప్పుడు ఆగిందో
మళ్ళీ మొదలైతే గానీ తెలీలేదు.
"పారబోస్తారా?"
"ఆ."
నా ఒంట్లో ఊరింది, ఎవరికీ కాకుండా పోతోంది.
ఆ మాట కొంచెం గుచ్చింది, అబద్ధమెందుకు.

"మాత్రలెన్ని మిగిలేయి?" అంది.
"తొమ్మిది రోజులవి."
"దూలం మీదవి మింగీకు. ఆసుపత్రికెళ్ళి మొదట్నించీ వాడు.
పూర్తిగా తగ్గి మూడు నెలలయ్యాక, అప్పుడు రా."
బాక్సు బల్ల మీద పెట్టాను.
"ఇది మాది కాదు బాబూ, మీ మిల్లోళ్ళది.
అన్నముందా అందులో? తినీసెళ్ళు, ఎండగుంది."

ఆసుపత్రి మెట్ల మీద కూచుని మూత తీశాను.
చల్లారిన అన్నం, ఎండు నెత్తళ్ళ ఇగురు.
కింది మెట్టు మీద ఎవరో కుర్రాడు,
మోకాలి మీద అదే కాగితం.
"అన్నా, పెన్నుందా?"
ఇచ్చాను.
సగం దాకా గబగబా రాశాడు.
తరవాత ఎక్కడో
చప్పుడాగింది.
నేను అటు చూడకుండా
అన్నం కలుపుకుంటూ కూచున్నాను.