పదకొండు సెకన్ల మేక

పర్లాకిమిడి రాజుల కోట వెనక వీధిలో
మా షాపు బోర్డు మూడు లిపుల్లో ఉంది.
మూడింట్లోనూ జెరాక్స్ అన్నమాట ఒక్కటే
సరిగ్గా రాసేడు పెయింటరు.
లోపల పాత కంప్యూటరు, దాంట్లో లైనక్స్.
బరంపురంలో చదివిన చిన్నాన్న కొడుకు ఎక్కించి
"దీనికి జబ్బులు రావక్కా" అన్నాడు.
జబ్బులు రాలేదు.
పెళ్ళి వీడియోలు కూడా చాన్నాళ్ళు రాలేదు.
బొమ్మ వస్తే మాట రాదు, మాట వస్తే తెర నలుపు.
కోడెక్కులు ఒక్కొక్కటే దించుకుంటూ
ఒక వానాకాలం గడిపేను.

దైతారి మహారాణా వచ్చింది వానలు వెనకబట్టేక.
కుడిచెయ్యి తువ్వాలు కింద దాచుకుని.
వెనక మనవరాలు ఝిల్లి, గుప్పిట్లో మెమరీ కార్డు.
"కొమ్ము పని ఇందల ఉంది పిల్లా. ఆడ్డం నేదు."
చెయ్యి పడిపోక ముందు వారం తీసిందట.

నొక్కేను. ఏమీ లేదు.
ఇంకో ప్లేయరుతో నొక్కేను.
తెర ఒక్కసారి రెప్ప తెరిచి మూసుకుంది.
పేరు చివర తోక మార్చి చూసేను,
తోక మారిస్తే పిల్లి కుక్కవుతుందా?
అప్పుడు నల్లకిటికీ తెరిచి టైపు చేసి అడిగితే
మొహమాటం లేకుండా చెప్పింది:
మూవ్ ఆటమ్ దొరకలేదు.

"హేలా?" అన్నాడు ముసలాయన.
"ఇంకా లేదు తాతా."

ఎలా చెప్పను?
ఫైలుకి బరువుంది, రెండొందల పన్నెండు ఎంబీలు.
ప్రతి బొమ్మా లోపలే ఉంది.
ఏది ముందో ఏది వెనకో చెప్పే చీటీ మాత్రం
రికార్డింగు ఆపినప్పుడు ఆఖర్న రాస్తుంది ఫోను.
ఆపేలోగా బ్యాటరీ అయిపోయింది.
ఆయన కొంచెం ఆలోచించేడు.
"సరుకుంది. బిల్లు నేదు. అంతేనా?"
అంతే.

రాత్రంతా వెతికి ఒక దారి పట్టుకున్నాను:
అదే ఫోనుతో తీసిన ఆరోగ్యమైన వీడియో కావాలి,
ఎంత చిన్నదైనా సరే.
దాని నడక చూపించి దీన్ని నడిపించొచ్చు.
మర్నాడు అడిగితే ఝిల్లి తలదించుకుంది.
చోటు చాలక అన్నీ చెరిపేసిందట.
ఒక్కటి మిగిలింది, అదీ చెరపబోయి మరిచిపోయి.
పదకొండు సెకన్లు.
మహేంద్రతనయ గట్టు మీద ఎవరిదో మేక
ఎన్నికల పోస్టరు నములుతోంది.
ఏ పార్టీయో తెలీదు, నాయకుణ్ణి చెవిదాకా తినేసింది.
వెనక ఝిల్లి నవ్వు.

మేకని ముందు పెట్టి, విరిగిన ఫైలుని వెనక పెట్టి
ఎంటర్ కొట్టేను.
అక్షరాలు పైకి పాకుతున్నాయి.
గుణుపూరు బండి కూత వేసి పోయింది.
కరెంటు పోకూడదని
ఏ భాషలో మొక్కుకున్నానో గుర్తులేదు.

ఆడింది.
ముందు ఆకుపచ్చ మచ్చలు, తర్వాత నిప్పుల కుంపటి,
తర్వాత చెయ్యి.
నూనె రాసిన గేదె కొమ్ము సెగ మీద తిరుగుతోంది.
కాలిన వెంట్రుకల కంపు షాపులో కొట్టినట్టే ఉంది నాకు.
మెత్తబడ్డ క్షణం కనిపెట్టి వంచేడు:
కొంగ మెడ.
ఆ ఒక్క ఒంపు కోసమే తీసిందీ వీడియో.
గొంతు మాత్రం పెదాలకన్నా అరసెకను వెనక,
ఒడియాలో మునిగి తెలుగులో తేలుతోంది:
"ఇప్పుడు. ఇప్పుడే. ఆలీసం సేస్తే ఇరిగిపోద్ది."

దైతారి తెరకి దగ్గరగా జరిగేడు.
కళ్ళు తుడుచుకుంటాడనుకున్నాను.
"సెగ సాల్లేదు," అన్నాడు.
"అందుకే మెడ కాడ గీత పడింది.
సూసేవా ఝిల్లీ? అలగ సెయ్యకు."
ఎడమచెయ్యి గాల్లోకి లేచి
ఆ ఒంపుని ఇంకొంచెం వంచింది.

నలభై రూపాయలు తీసుకున్నాను.
గుమ్మం దాకా వెళ్ళి ఆగేడు.
"మేకది కూడా ఏసేవా కార్డుల?"
వేసేను.
నా దగ్గరా ఒకటి ఉంచుకున్నాను, ఎందుకైనా మంచిదని.
ఫైలు పేరు: మేక. చెరపొద్దు.