ఇరవయ్యారు పాయింటు రెండు

మే నెల. నరసాపురం.
రాత్రి రెండూ పదికి కరెంటు పోయింది.
ముందు నా చెవికి తెలుస్తుంది,
ముందుగదిలో పంపు మూలుగు ఆగుతుంది,
పైన ఫ్యాను ఆగిన సంగతి
చెమట పట్టాక గానీ తెలీదు.

పగలంతా ఐసు ఫ్యాక్టరీలో నా పని.
అమ్మోనియా ఘాటులో గోనెపట్టాల మీద
మనిషెత్తు దిమ్మల్ని దొర్లించి
మరలో నుజ్జు చేసి
రొయ్యల లారీల్లోకి పోయిస్తాను.
చచ్చినవాటిని చల్లగా ఉంచినందుకు జీతం.
బతికున్నవాటి సంగతి ఎవరూ అప్పజెప్పలేదు,
నేనే నెత్తికెత్తుకున్నాను.

మూడడుగుల అద్దం తొట్టి.
సుత్తితలలు ఊపుతూ ఒక పగడం,
చొక్కాగుండీలంత పూలు విప్పుతూ ఇంకొకటి,
నారింజరంగు చేపలు రెండు,
పేరు తెలీకుండానే రాయితో పాటు వచ్చిన నత్త.

టార్చి వేసి చూశాను:
ఇరవై ఎనిమిదిన్నర.
ఫ్రీజర్లో గడ్డకట్టిన కూల్‌డ్రింకు సీసా తీసి
మూత బిగించి వెనకగదిలో తేలేశాను.
ఒక్కటే.
రెండోది అరగంట ఆగి.
ఉక్క కన్నా కుదుపు చెడ్డది.
దిమ్మని అచ్చులోంచి ఊడదీసేటప్పుడూ అంతే,
తొందరపడ్డవాడికి ముక్కలే దక్కుతాయి.

"మళ్ళీ లేచావా జోగీ?"
పక్క అరుగు మీంచి అంకాలు పిన్ని.
"ఆటో ఎక్కితే సముద్రం.
దాన్నింట్లో పెట్టుకుని ఈ జాగారవేంటిరా?"

మన సముద్రంలో ఇవి బతకవు పిన్నీ.
గోదారి తెచ్చే ఒండ్రుంది చూశావూ,
మన వరికి అన్నం పెట్టే ఒండ్రే,
వీటి నోట్లో మట్టి కొడుతుంది.
నిలువులోతుకి కూడా వెలుగు దిగదు అక్కడ.

"అయితే నీ దగ్గరున్నది ఎవరి సముద్రంరా?"

నా దగ్గర జవాబు లేదు.
సంచిలో వచ్చిన ఉప్పు,
వడకట్టిన కాలవ నీళ్ళు,
నెలవారీ వాయిదాల మీద కొన్న ఎండ.

ఆ ఎండతోనే మొదటేడు దెబ్బతిన్నాను.
వెలుగు మంచిదే కదా అని
తెల్లదీపం వందకి వంద పెట్టాను.
పదిరోజులకి ఒక పగడం మల్లెపూవైంది.
అబ్బ, ఎంత బావుందో అని
ఫోటో తీసి అందరికీ చూపించాను.
ఒంట్లో ఉండి వండిపెట్టే పాచిని
వేడికీ వెలుగుకీ తాళలేక అదే గెంటేసిందనీ,
ఆ తెలుపు ఆకలనీ
తర్వాతెప్పుడో తెలిసింది.
ఆ ఫోటో ఇంకా ఫోన్లోనే ఉంది. తీసెయ్యలేదు.

ఇప్పుడు తొమ్మిదింటికి నీలం మెల్లగా,
పదకొండుకి తెలుపు, అదీ సగమే.
రోహిణి కార్తెలో ఇంకో గంట కోత,
దీపమూ పొయ్యే కదా.
నీళ్ళ మీద చిన్న ఫ్యాను తిరుగుతుంటే
రోజుకి రెండు లీటర్లు గాల్లో కలుస్తాయి.
అద్దం మీద పెన్నుతో గీసిన గీత దాకా
మంచినీళ్ళే పోస్తాను.
నీరే ఎగిరిపోతుంది పిన్నీ, ఉప్పు పోదు.

"ఎండుచేపలమ్మేదానికి
ఉప్పు సంగతి చెబుతున్నావా!"
చీకట్లో నవ్వింది.

మూడూ నలభైకి కరెంటొచ్చింది.
పంపు దగ్గి, గొంతు సవరించుకుని, పాట అందుకుంది.
రాత్రిదీపం నీలం
కిటికీ దాటి
ఆవిడ సత్తుగంప అంచు మీద పడింది.
అప్పటికే చీర బిగించి
రేవులో వేలానికి బయల్దేరుతోంది.

"ఆ సీసాలో ఇంకా గడ్డుందా?
ఇలా ఇయ్యి, గంపలో పడేసుకుంటాను.
ఎండెక్కేదాకా కాస్తుంది."

తొట్టిలోంచి తీసి, తుడిచి, ఇచ్చాను.
సగం నీళ్ళు, సగం మంచు.
సందు మలుపు దాకా గలగలమంటూనే ఉంది.

ఇరవై ఏడు పాయింటు ఒకటి.
చేపలు రెండూ మూలకి ఒదిగాయి,
సుత్తితలలు ఇంకా ముడుచుకునే ఉన్నాయి.
ఇంకా దిగాలి.
కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.