కణుపుల రంగు

మొదటి పాఠానికి బ్రష్షులు తేవద్దంది ఖూజా సెక్.
"ఉల్లిపాయలు తరిగే పలక తెచ్చుకోండి,
తెల్లదైతే మేలు."

రుఫిస్క్‌లో చేపలెండే సందు, దాని మీద మేడగది.
ఏడుగురం. ఒక్క ఫ్యాను.
అది టీచరు మాటే వినేది.

పలక మీద ఎరుపు చుక్క, పసుపు చుక్క, నీలం చుక్క.
"కలపండి. మీ చెయ్యి రంగు రావాలి."
నాకు బురదొచ్చింది.
పక్కనున్న దిబోర్‌కి గుమ్మడికాయ.

"నీలం ముదిరితే వానమబ్బు,
ఎరుపు ముదిరితే ఇటుక,
పసుపు ముదిరితే కామెర్లు.
ఈ గదిలో అందరి ఒళ్ళూ ఆ మూడింటి తగువే.
పలక మీదికి మీరు వచ్చేదాకా లేవద్దు."

నేను వచ్చేసరికి
సాయంత్రం నమాజు పిలుపు వినబడింది.

మర్నాడు చక్రం గీసింది, బొగ్గుముక్కతో, గోడ మీదే.
ఎదురెదురు ఇళ్ళవాళ్ళు
ఒకరి నోరు ఒకరు మూయిస్తారట.
మొటిమ ఎర్రగా అరిస్తే ఆకుపచ్చని పంపు.
కమిలిన ఊదా మీదికి పసుపుని.
ఎక్కువ పంపకు, కొత్త గొడవవుతుంది.

కంటికింద నీలానికి లేత గులాబీ అంది పుస్తకం.
"చలిదేశంలో అచ్చయిన పుస్తకం పాపం" అని
బొప్పాయి కోసి లోపలి రంగు చూపించింది.
"మన నీలం లోతు. దానికి ఇంత ఎరుపు కావాలి."
తర్వాత ఆ బొప్పాయి తినేశాం.

మణికట్టు నరాలు చూసి ఛాయ తేల్చమంది పుస్తకం.
ఖూజా తన చెయ్యి చాపింది. "కనబడ్డాయా?"
లేదన్నాం.
"నాడి దొరికిందిగా, బతికే ఉన్నాను. చాలు."

ఒక్కటి మాత్రం నవ్వకుండా చెప్పింది:
తెల్లరంగు కలిపితే నలుపు వెలగదు,
బూడిదవుతుంది.

గురువారం సోఖ్నా వచ్చింది. ఆదివారం నిఖా.
మూడేళ్ళుగా ట్యూబు క్రీము రాసిన మొహం
పాలెక్కువైన టీ.
చెవులు వేరే ఊరు. మెడ ఇంకో ఊరు.
వేళ్ళ కణుపులు మాత్రం
ఏ క్రీముకీ లొంగక
పుట్టిన రంగులోనే ఉండిపోయాయి,
పది మంది మొండి సాక్షులు.

"వీటిని మొహంలా చెయ్యండి" అంది, చేతులు ముందుకు తోసి.

నేను లేత డబ్బా మూత తిప్పాను.
ట్యూబులైటు కింద అంతా కుదిరినట్టే ఉంది.
కరెంటు పోయింది.
ఖూజా ఆ పిల్లని ఛాయ వెతకడానికి
నీడలోకి కాదు, వాకిట్లో ఎండలోకి నడిపించింది.
అక్కడ నా పనంతా
పిండిమర దగ్గర నిలబడ్డ చెయ్యిలా బయటపడింది.

టీచరు ఏమీ అనలేదు.
నా పలక తెచ్చి సోఖ్నా పిడికిలి పక్కన పెట్టింది.
మొదటిరోజు మరక దాదాపు అదే.
నీలం అర చుక్క తక్కువ.

అర చుక్క వేశాను.
కణుపు నుంచి రంగు తీసుకుని మొహానికి ఎక్కించాను,
నుదురు, ముక్కు పక్కలు, చెవుల దాకా, మెడ దిగి.
కింద చేపలు తిరగేస్తున్న ముసలావిడ
చేట ఆపి పైకి చూసింది.

సోఖ్నా అద్దం చాలాసేపు పట్టుకుంది.
"తుడిచెయ్" అంది.
తుడిచేశాను. దూది మూడు ఉండలు పట్టింది.

మెట్లు దిగుతూ ఆగింది.
"చుక్కలెన్ని?"
చీటీ మీద రాసిచ్చాను:
పసుపు నాలుగు, ఎరుపు మూడు, నీలం ఒకటిన్నర.
మడిచి రవికలో పెట్టుకుంది.

పెళ్ళికి మమ్మల్ని పిలవలేదు.
ఏ మొహంతో కూచుందో తెలియదు.

ఆ రాత్రి పలక కడగడం మరిచాను.
మా అమ్మ దాని మీదే ఉల్లిపాయలు తరిగింది.
"ఇదేం రంగే?" అంది.
అన్నం గిన్నె పట్టుకున్న తన వేళ్ళకేసి చూసి
చెబుదామనుకున్నాను,
ఆకలేసి ఊరుకున్నాను.