లీకు పరీక్ష

గోదావరిఖనిల మే నెల. రాత్రి పదకొండైనా
గోడ మీద చెయ్యి పెట్టనిస్తలేదు.
కంప్యూటర్ డొక్క విప్పి కూసున్న.
ప్రాసెసర్ నెత్తిన రాగి బిళ్ళ, రెండు మెత్తటి పైపులు,
సీసాల సగమైన బ్యాటరీ నీళ్ళు.

బోర్డుకు కరెంటియ్యలేదింకా,
పంపొక్కటే తిరుగుతున్నది.
అతుకతుకు కింద టిష్యూ కాయితం పరిచి
ఎగిరిపోతయని ఫ్యాను బంద్ చేసిన.
తెల్లారేదాక కావలి.

సెకండ్ షిఫ్ట్ దిగి బాపొచ్చిండు.
ఇరవై ఎనిమిదేండ్లు బొగ్గుబాయిల పంపు ఆపరేటర్,
భూమి కడుపులకెల్లి నీళ్ళు బయటికి తోలినోడు.
"అగ్గిపెట్టెంత లేదు, గిది పంపా?"
నవ్వి, ఒంగి, చెవి పెట్టిండు.

"గాలి పట్టింది బిడ్డా."
డబ్బాను మెల్లగ అటు వంచి ఇటు వంచిండు,
పాలు తాగిన పిల్లకు తేన్పు తెప్పించినట్టు.
గుడగుడ బుడగలెక్కి పలిగినయి.
చప్పుడు సన్నబడ్డది.

"నువ్వు పండుకో, నేను చూస్త" అన్న.
ఇననట్టే స్టూలు జరుపుకున్నడు.

నాలుగింటికి కన్ను తెరిస్తే
కాయితం మీద రూపాయంత తడి.
గుండె జారింది. పైపు తడిమిన, అతుకు తడిమిన,
పొడిగనే ఉన్నది.
ఒంగి చూస్తున్న బాపు నొసటికెల్లి
ఇంకో చుక్క రాలింది.

"కాయితం మార్చు" అన్నడు.