పలక్కపోతే

ముందు రెక్కలు తీసెయ్యాలి ఆతా, అంది నూర్జాదా.
ఎవరి రెక్కలని అడిగాను.
నవ్వలేదు. పంటి మధ్య స్క్రూ ఉంది.
తీసిన నాలుగూ కోటు జేబులో వేసుకుంది.

నారిన్‌లో, నాలుగో అంతస్తు వంటింట్లో,
రొట్టె పొడి తుడిచిన బల్ల మీద
నాలుగు చేతుల పురుగొకటి వెల్లకిలా పడి ఉంది.
దాని రిసీవర్ నా బొటనవేలి గోరంత.
నా రోజుల్లో రిసీవర్‌ని కొండెక్కించడానికి
ఇద్దరు మనుషులు, ఒక గాడిద.

కనుమ మీది వాతావరణ కేంద్రంలో
పదిహేడేళ్ళు మీట నొక్కినవాణ్ణి.
గాలి, మంచు, పాదరసం, అన్నీ అంకెలే.
మూడు గంటలకోసారి కిందికి పంపేవాణ్ణి.
అందుకే టంకం పట్టమని నన్ను పిలిచింది.
చెయ్యి వణుకుతుంది నిజమే,
ఆ పొగ ముక్కుకి తగిలితే మానేస్తుంది.

నాలుగు తీగలు. ఎరుపుకీ నలుపుకీ పేచీ లేదు.
పసుపు దగ్గరా తెలుపు దగ్గరా తప్పాను.
నోటిని నోటికి, చెవిని చెవికి అతికించాను.
తెర మీద గీత కదల్లేదు.
ఇద్దరూ ఒకేసారి మాట్లాడే ఇల్లు ఎలా ఉంటుందో
మా ఆవిడా నేనూ నలభై ఏళ్ళు చూశాం,
నేను చెయ్యాల్సిన పొరపాటు కాదిది.
విప్పి, మార్చి అతికించాను.
మూడుసార్లు కరెంటిచ్చి తీస్తే
చిన్న దీపం తడబడి, తడబడి, నిలబడింది.

రిమోట్ మీద పుల్ల వదిలేస్తే పదిహేను వందలు చూపాలట.
పదిహేను వందల ఆరు చూపింది.
ఆరేగా, అన్నాను.
ఆ ఆరు చాలు, ఎవరూ తొయ్యకపోయినా
ఒక పక్కకే జరుగుతూ పోతుంది, అంది.
అలాంటి మనుషులు ఇద్దరు గుర్తొచ్చారు. పేర్లు వద్దులే.

ముందుకి వంచితే తెర మీది బొమ్మ పక్కకి ఒరిగింది.
ఫ్లైట్ కంట్రోలర్ మీది బాణం
కిటికీ వైపుండాలి, మేం పొయ్యి వైపు బిగించాం.
తొంభై డిగ్రీలని రాసిచ్చింది పిల్ల.
అది వెంటనే నమ్మింది.
ఇక చదునంటే ఏమిటో నేర్పుదామంటే
మా బల్లకే చదును లేదు.
పియాలా నిండా టీ పోసి, అంచు చూసి,
కుంటి కాలి కింద పాత పేపరు మడిచి పెట్టాం.

మోటార్లు రెండు ఇటు, రెండు అటు తిరగాలి.
మూడోది ఎదురు తిరిగింది.
దాన్నీ దారికి తెచ్చాం.

ఇక ఆఖరిది.
సగం వేగంలో తిరుగుతుండగా
రిమోట్ ఆపెయ్యి ఆతా, అంది.
ఆపెయ్యడమేమిటి?
రేపు మామ గుర్రాలు వెతుకుతూ గుట్ట దాటుతుంది కదా,
అక్కడ నా మాట అందకపోతే ఏం చెయ్యాలో
రెక్కల్లేనప్పుడే చూసుకోవాలి.

నా వేలు మీట మీదే ఉండిపోయింది.

ఒక ఫిబ్రవరిలో మంచు బరువుకి ఏంటెన్నా విరిగింది.
తీగ ముక్కతో వినగలిగాను, పంపలేకపోయాను.
కిందివాళ్ళు పిలుస్తూనే ఉన్నారు,
మొదట మా కేంద్రం అంకెతో, తర్వాత నా పేరుతో.
రెండు పూటలు పలక్కపోతే
మనుషుల్ని పంపాలని కాగితం మీద ఉంది.
ముద్ర కూడా ఉంది.
పదకొండో రోజు వచ్చారు.
అప్పటికి సెయితాలీ బూట్లు తుడిచి
గడప పక్కన పెట్టాను.
ఎవరిదీ తప్పు కాదన్నారు.
ఆ కాగితాన్ని ఎవరూ ఒక్కసారి
ఉత్తుత్తిగా పరీక్షించలేదు, అంతే.

ఆపాను.
ఆగలేదది. చివర విన్న మాటే పట్టుకుని
గిర్రున తిరుగుతూనే ఉంది.
నూర్జాదా బ్యాటరీ లాగేసింది,
పెదవి కొరుక్కుంటూ తెర మీద ఏదో మార్చింది.
మళ్ళీ ఆపాను.
ఒక్క క్షణం వెతుక్కుని
నాలుగూ నిలిచాయి.

మళ్ళీ, అన్నాను.
పని చేసింది కదా, అంది.
మళ్ళీ.
టీ మీద మీగడ కట్టింది, ఎవరం ముట్టుకోలేదు.
రెక్కలు ఇంకా పిల్ల జేబులోనే ఉన్నాయి.