అరగంట

వరంగల్ స్టేషన్ రోడ్డుల
పాన్ డబ్బాకూ జిరాక్సు షాపుకూ నడుమ
మూడడుగుల దుకాణం నాది.
మెత్తటి గుడ్డల చుట్టి తెచ్చిండు
చిద్రాల విశ్వనాథం సేటు,
ఎనుమాముల మార్కెట్ల పత్తి కొనేటాయన.
"సారంగపాణీ, దీని ధరెంతో తెలుసా?"
నేను అడగలే.
అరచేతిల పెట్టంగనే బరువే చెప్పింది.

కంటికి అద్దం బిగించిన.
మొలతోటి గీకినా గీత పడని పలక,
చుట్టూ ఇరవైనాలుగు అంకెల కడెం,
సగం నీలం రాత్రికి, సగం ఎరుపు పగటికి.
లోకంల గడియారాలకు మూడు ముల్లులు.
దీనికి నాలుగోది,
మొనకు చిన్న ముక్కోణం,
దినానికి ఒక్కటే చుట్టు,
అప్పులేని మనిషి నడక.

సేటుకు ఎరుక లేనివి నాకు కొన్ని ఎరుక.
విమానాలు ఒక్క రాత్రిల సముద్రం దాటుడు మొదలైన కాలంల
నడిపేటోనికి
కింద ఏ ఊళ్లె పొద్దు పొడిచిందో,
కడుపుకు ఏ యాళ్లయిందో
తెల్వకపోయేదట.
ఇంటి టైము, దిగే ఊరి టైము
ఒక్క మణికట్టు మీదనే ఉండాలని
ఈ ముల్లును పుట్టించిన్రట.
పాతవాటి కడెం పలిగేదట,
అంకెలల్ల నిజం రేడియమే పూసిన్రట.
మనం లారీ వెనుక స్టిక్కరును గూడ రేడియమే అంటం.
అది వట్టిగ మెరుస్తది,
మనిషిని తినదు.

"ఇంతకూ ఏం రోగం సేటూ?"
"నాలుగో ముల్లు న్యూయార్కుకు పెట్టిన.
ఆడ పత్తి బేరం తెరిచే యాళ్లకు
ఈడ నా చేతిల ఫోనుండాలె.
ఎప్పుడు చూసినా అరగంట తప్పు!"

వెనుక మూత తిప్పి తీసిన.
కెంపుల మీద తిరిగే చక్రాలు,
నడుమ ఊగే సగం చందమామ,
చెయ్యి కదిలితె చాలు
తనకు తానే కీ ఇచ్చుకుంటది.
దుమ్ము పోగు లేదు.
ఒక పగలు, ఒక రాత్రి ముంగట పెట్టుకొని చూసిన.
రెండు సెకండ్ల తేడా.

రోగం దాంట్ల లేదు.
ఆ ముల్లు గంటకు గంటే దూకుతది.
శానా దేశాలు గంటల లెక్కన కోసుకున్నయి పొద్దును.
మనది ఐదున్నర.
ఆ 'న్నర' మీద నిలబడెతందుకు
ఇంత ఖరీదు గడియారంల
జాగ లేదు.

మా నాయిన ఆజంజాహి మిల్లుల పనిచేసినోడు.
మొదటి కూత లెవ్వుమని,
రెండోది గేటు మూస్తున్నమని.
నడుమ అరగంట.
అంబలి గాండ్ల తాగుడు,
ఊడిన సైకిల్ చైను ఎక్కించుడు,
అవ్వతోటి ఒక కొట్లాట,
నల్లటి గ్రీసు చెయ్యి నా నెత్తి మీద పెట్టుడు.
మిగిలిందంత మిల్లుది.
మిల్లు మూసినంక గూడ
మొదటి కూత యాళ్లకు లేచి కూసునేది,
రెండో కూత యాళ్లకు
మల్ల ఒరిగేది.

"రిపేరు ఏం లేదు సేటూ.
ఆ అరగంట నువ్వే మనసుల లెక్కేసుకోవాలె."
"లచ్చలు పోసి కొన్నది
నేను లెక్కేసుకునెతందుకా?"
యాభై రూపాయలు బల్ల మీద పడేసి పోయిండు.

ఇగ గప్పుడే
పత్తి ట్రాలీ ఒకటి రైల్వే గేటు జామ్‌ల ఇరుక్కొని
నా ముంగట ఆగింది.
బోరెల మీద బోర్ల పన్న పిలగాడు తలెత్తి
"టైమెంతాయె కాకా?" అన్నడు.

గోడ దిక్కు చూసిన.
రిపేరుకొచ్చిన పదిహేడు గడియారాలు,
పదిహేడు టైములు.
"ఇంక అరగంట ఉన్నది పోరా," అన్న.
దేనికో
వాడు అడగలే.